బిగించారు సరే, విప్పి చూశారా?

కారు కొన్నవాణ్ణి మన దగ్గర ఎవరైనా మొదట అడిగే మాట ‘ఎంతిస్తోంది?’ అని. పాడిగేదె కొన్నవాణ్ణి అడిగే ప్రశ్నే ఇది. లీటరుకు ఎన్ని కిలోమీటర్లన్న లెక్కను మనం ‘ఇవ్వడం’ అనే మాటతోనే చెప్పుకుంటాం, ఇంజన్ పాలిస్తున్నట్టు, దాణా మారిస్తే ఇంకాస్త ఇస్తుందన్నట్టు. ఆ దాణా అమ్మేవాళ్లకు కొదవ లేదు. పెట్రోలు పైపుకు బిగించే అయస్కాంతాలు, గాలి గొట్టంలో పెట్టే సుడి రెక్కలు, స్టీరింగు కింద సాకెట్లో గుచ్చే డాంగిళ్లు, ట్యాంకులో పోసే మందు సీసాలు, నీటిని విడగొట్టి హైడ్రోజన్ పంపే కిట్లు, ఇంజన్ కంప్యూటర్లో లెక్కలు మార్చే రీమ్యాపింగులు, రకరకాల టైర్లు, ఎయిర్ ఫిల్టర్లు. ప్రతిదాని వెనకా ఒక సాక్షి ఉంటాడు: ‘పదిహేను ఇచ్చేది, ఇది పెట్టించాక పద్దెనిమిది ఇస్తోంది.’ అతను అబద్ధం చెబుతున్నాడని అనుకోనక్కర్లేదు. చాలాసార్లు అతను చూసిన అంకె నిజమే. ఆ అంకెకు అతను చెప్పుకున్న కారణమే అనుమానించాల్సింది. పాడి తెలిసిన రైతు పాలు పెరగగానే దాణాను పొగడడు. గేదె ఈని ఎన్నాళ్లయింది, పచ్చిగడ్డి దొరికే కాలమా కాదా, కొలిచిన చెంబు అదేనా అని ముందు చూసుకుంటాడు. లక్షలు పోసి కొన్న కారు దగ్గరికి వచ్చేసరికి మనలో ఆ విచారణ కనిపించదు.

నేను చెప్పదలచింది ఒక్క మాట. రోజువారీ వాడకంలో మైలేజీ తనంతట తాను పైకీ కిందికీ ఊగుతుంటుంది. ఆ ఊపు, మనం బిగించే వస్తువుల్లో చాలావాటికి సాధ్యమయ్యే తేడా కంటే పెద్దది. అందుచేత బిగించాక మైలేజీ పెరిగిందన్న ఒక్క విషయం దేన్నీ రుజువు చెయ్యదు. విప్పేశాక అది మళ్లీ పాత చోటికి పడాలి. మళ్లీ బిగిస్తే మళ్లీ లేవాలి. అలా రెండు మూడుసార్లు జరిగితేనే ఆ పెరుగుదల ఆ వస్తువుదని నమ్మొచ్చు. బిగించి చూడటం అందరూ చేస్తారు. డబ్బు పెట్టి కొన్నదాన్ని విప్పి పక్కనపెట్టి, మైలేజీ పడిందో లేదో చూసే ఓపిక మాత్రం ఎక్కడోగానీ కనిపించదు. నిజానికి పరీక్ష మొదలయ్యేది విప్పిన దగ్గరే.

ఆ ఊపు ఎంత పెద్దదో మనకు తెలిసిన దారి మీదే లెక్క వేసుకోవచ్చు. హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్లకు పైగా ఎత్తున ఉంది. విజయవాడ కృష్ణ ఒడ్డున, దాదాపు సముద్రమట్టానికి దగ్గరగా ఉంది. తేడా సుమారు 500 మీటర్లు. మనుషులతో, సామానుతో కలిపి 1,200 కిలోల బరువున్న కారును అంత ఎత్తుకు ఎక్కించడానికి దాదాపు 59 లక్షల జౌళ్ల శక్తి కావాలి. లీటరు పెట్రోల్లో ఉండేది సుమారు 320 లక్షల జౌళ్లు. అందులో నాలుగో వంతు చక్రాల దాకా చేరుతుందనుకుంటే ఆ ఎత్తు ఎక్కడానికే ముప్పావు లీటరు అదనంగా కాలుతుంది. 270 కిలోమీటర్ల దారికి లీటరుకు 18 చొప్పున మొత్తం పట్టేది 15 లీటర్లు. అంటే విజయవాడ వైపు దిగేటప్పుడు 5 శాతం దాకా మిగులు, తిరిగి ఎక్కేటప్పుడు 5 శాతం తగులు, రెంటికీ మధ్య 10 శాతం. దిగేటప్పుడు కొంత బ్రేకుల్లో పోయినా తేడా తేడాయే. ఇప్పుడు ఒకాయన విజయవాడ నుంచి వస్తూ మైలేజీ చూసుకున్నాడనుకుందాం. హైదరాబాద్‌లో అయస్కాంతం బిగించుకుని, మళ్లీ విజయవాడ వెళ్తూ చూసుకున్నాడు. దారి అదే, బండి అదే, నడిపే మనిషీ అతనే. మైలేజీ మాత్రం పెరిగింది. ఆ లాభం ఇచ్చింది కృష్ణ వైపు వాలిన నేల, పేరు పోయింది అయస్కాంతానికి.

నేల ఎత్తుపల్లాలు కనీసం మ్యాపులో కనిపిస్తాయి. కాలం చేసే మాయ అలా కనిపించదు. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండకు ఏసీ లేకుండా కారెక్కలేం. విపరీతమైన వేడిలో, ముఖ్యంగా చిన్న చిన్న ప్రయాణాల్లో, ఏసీ వల్ల మైలేజీ 25 శాతానికి మించి పడిపోవచ్చని అమెరికా ప్రభుత్వ ఇంధన సమాచార విభాగమే చెబుతోంది. ఎండల్లో ‘బిగించకముందు’ కొలత తీసుకుని, వానలు పడి చల్లబడ్డాక ‘బిగించిన తర్వాత’ కొలత తీసుకుంటే ఏ వస్తువైనా మహిమగలదిగానే తేలుతుంది. పెట్రోలే మారిపోయిన సంగతి ఇంకొకటి. మన దేశంలో పెట్రోల్లో కలిపే ఇథనాల్ 2022లో 10 శాతానికి, 2025లో 20 శాతానికి చేరింది. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి లీటరు పెట్రోల్లో ఉన్నదాని కంటే మూడో వంతు తక్కువ. పెట్రోలుకే రూపొందించి 10 శాతం ఇథనాల్‌కు సర్దుబాటు చేసిన కార్లలో, 20 శాతం మిశ్రమం వాడితే ఇంధన సామర్థ్యం 6, 7 శాతం తగ్గవచ్చని 2021లో నీతి ఆయోగ్ నివేదిక అంచనా వేసింది. ఇది ఎదురు దిక్కులోనూ మోసం చేస్తుంది. నిజంగా 3 శాతం మేలు చేసే మార్పు చేయించుకున్నవాడికి కూడా, ఇంధనం మారిన కాలంలో కొలుచుకుంటే అది దండగ అనిపిస్తుంది. గుడ్డిగా నమ్మినవాడూ గుడ్డిగా కొట్టిపారేసినవాడూ ఇద్దరూ ఒకే తప్పు కొలత మీద నిలబడి వాదించుకుంటున్నారన్నమాట.

ఇక కొలిచే చెంబు సంగతి. మనలో ఎక్కువమందికి తెలిసిన పద్ధతి ట్యాంకు ఫుల్ చేయించి, నడిపి, మళ్లీ ఫుల్ చేయించి లెక్క కట్టడం. పద్ధతిలో తప్పు లేదు, ‘ఫుల్’ అనే మాటలోనే ఉంది తిరకాసు. బంకులో గన్ తనంతట తాను కట్ అయ్యే చోటు బండి నిలబడ్డ వాలును బట్టి, పెట్రోలు పడే వేగాన్ని బట్టి, నురగను బట్టి మారుతుంది. అర లీటరు అటూ ఇటూ కావడం వింతేమీ కాదు. పది లీటర్ల కొలతలో అర లీటరు తప్పంటే 5 శాతం. అదే పది ఫిల్లింగులు వరసగా లెక్క రాసి, మొత్తం 100 లీటర్ల మీద సగటు తీస్తే ఆ అర లీటరు అర శాతానికి తగ్గుతుంది. మధ్యలో జరిగిన ఎక్కువతక్కువలు ఒకదానికొకటి చెల్లిపోయి, మొదటి ఫుల్, చివరి ఫుల్ దగ్గరి తప్పులే మిగులుతాయి. దూరం చూపే మీటరు కూడా నిక్కచ్చిది కాదు. అది చక్రం తిరిగిన చుట్లను లెక్కపెడుతుంది. చిన్న కారు చక్రం మధ్య నుంచి టైరు అంచు దాకా సుమారు 29 సెంటీమీటర్లుంటే, కొత్త టైరుకూ అరిగిన టైరుకూ మధ్య 6 మిల్లీమీటర్ల తేడా వస్తుంది. అంటే 2 శాతం. అరిగిన టైరు ఎక్కువ చుట్లు తిరిగి ఎక్కువ దూరం చూపిస్తుంది. కొత్తవి వేయించగానే అదే దారి మీటరులో 2 శాతం కురచైపోతుంది. ‘కొత్త టైర్లేశాక మైలేజీ పడిపోయింది’ అనే ఫిర్యాదులో కొంత భాగం ఈ లెక్కే. అందం కోసం పెద్ద చక్రాలు వేయించేవాళ్లు మీటరును సరిచేయించకుండా మైలేజీ గురించి మాట్లాడితే, చెంబు మార్చి పాలు కొలిచినట్టే.

వీటన్నిటికంటే మొండి ఘటం స్టీరింగు ముందు కూర్చున్న మనిషి. మైలేజీ పెంచే వస్తువు కోసం ఎవరైనా ఎప్పుడు వెతుకుతారు? మైలేజీ బాగా పడిపోయి, ప్రాణం విసిగినప్పుడు. నేల బారుకు పడ్డ అంకె తర్వాత రెండు మూడు ట్యాంకుల్లో మామూలు సగటు వైపు లేవడం సహజం, ఏమీ చెయ్యకపోయినా లేస్తుంది. జ్వరం ముదిరిన రోజున తాయెత్తు కట్టించుకుంటే మర్నాటికి తగ్గినట్టు. పైగా బిగించే మెకానిక్ ఊరికే బిగించి పంపడు. స్పార్క్ ప్లగ్గులు తుడుస్తాడు, ఆయిలు మారుస్తాడు, టైర్లలో గాలి చూస్తాడు. ఫలితం ఎవరి ఖాతాలో పడుతుందో చెప్పక్కర్లేదు. అన్నిటినీ మించింది కాలు. డబ్బు పెట్టినవాడు ఆ డబ్బు వృథా కాలేదని చూసుకోవాలనుకుంటాడు కాబట్టి, తనకు తెలియకుండానే యాక్సిలరేటర్ మెత్తగా తొక్కుతాడు, ముందున్న బండికి కాస్త దూరం పాటిస్తాడు. దూకుడుగా నడపడం వల్ల హైవే మీద 15 నుంచి 30 శాతం, ఆగుతూ సాగే ట్రాఫిక్‌లో 10 నుంచి 40 శాతం మైలేజీ పోతుందని అమెరికా అంచనాలున్నాయి. అందులో నాలుగో వంతు సరిదిద్దుకున్నా చాలు, డబ్బాలో ఇసుక పోసి అమ్మినా మైలేజీ పెరుగుతుంది. ‘ఏళ్ల తరబడి అదే దారి, అదే బండి, నా చెయ్యి నాకు తెలియదా?’ అనేవారికి జవాబు ఇదే. దారి, బండి అవే కావచ్చు. బిగించిన రోజు నుంచి నడిపే మనిషి మాత్రం పాత మనిషి కాదు.

మరి సరైన పరీక్ష ఎలా ఉంటుంది? దాని పునాది మూడు అడుగులు: లేకుండా, పెట్టి, మళ్లీ లేకుండా. ఒక చోట మొదలై అక్కడికే తిరిగొచ్చే దారిని ఎంచుకోవాలి, అప్పుడు ఎత్తుపల్లాలు, కొంతవరకు గాలీ చెల్లిపోతాయి. ఇంజన్, టైర్లు బాగా వేడెక్కాకే కొలత మొదలవ్వాలి. టైర్లలో గాలి, బరువు, వేగం, ఏసీ ప్రతిసారీ ఒకేలా ఉండాలి. ఆ మూడు దశలూ వీలైతే ఒకే రోజు పూర్తికావాలి. మధ్య దశ అంకె లేచి, మూడో దశలో మళ్లీ మొదటి దశ దగ్గరికి దిగితే ఆశకు చోటుంది. మూడో దశలోనూ లేచే ఉందంటే, మార్చింది పరికరం కాదు, వేడో గాలో కాలో అయ్యుండాలి. అమెరికాలో లారీల మీద ఇలాంటి పరీక్షలకు 1980ల నుంచే ఇంజనీర్ల సంఘం ఒక ప్రమాణం పెట్టింది. అందులో మార్పు చేసిన బండితో పాటు ఏ మార్పూ చెయ్యని తోడు బండి కూడా అదే దారిలో నడుస్తుంది. ఎండా గాలీ రెంటినీ ఒకేలా తాకుతాయి కాబట్టి, రెండు బండ్లు తాగిన ఇంధనాల నిష్పత్తిని చూస్తారు. పెట్రోలు పట్టిన మట్టం చూడరు, విడిగా అమర్చిన ట్యాంకును తీసి తూకం వేస్తారు. వరస పరుగుల నిష్పత్తులు 2 శాతం లోపు ఒకదానితో ఒకటి కలవకపోతే ఆ పరుగులు లెక్కలోకి రావు. దీనికి ఇంకొక్కటి కలిపితే పరీక్ష మరీ గట్టిపడుతుంది. ఈ రోజు పరికరం పనిచేస్తోందో లేదో నడిపేవాడికి తెలియకూడదు. కొత్త మందును పరీక్షించేటప్పుడు కొందరికి ఉత్త చక్కెర బిళ్లలిచ్చి ఎవరికేమిచ్చారో చెప్పకపోవడం లాంటిదే ఇది.

ఇంత తతంగం అవసరమా అని ఎవరైనా అడగొచ్చు. అవసరం ఎంతన్నది వెతుకుతున్న తేడా సైజును బట్టి ఉంటుంది. ఒక కారు మైలేజీ ట్యాంకుకూ ట్యాంకుకూ మధ్య సగటున 6 శాతం అటూ ఇటూ ఊగుతోందనుకుందాం. ఆ ఊపులో 2 శాతం మేలును ఓ మోస్తరు నమ్మకంతో పసిగట్టాలంటే, గణాంకాల లెక్క ప్రకారం, పెట్టి 70 ట్యాంకులు, లేకుండా 70 ట్యాంకులు కొలవాలి. ఏళ్లు పడుతుంది. అదే జాగ్రత్తగా దారి, వేగం, వేడి అదుపులో పెట్టి ఆ ఊపును 1 శాతానికి తగ్గిస్తే, ఇటు రెండు అటు రెండు పరుగులతోనే తెలిసిపోతుంది. పరీక్ష పద్ధతికున్న విలువంతా ఇదే: ఏళ్ల పనిని ఒక రోజుకు కుదిస్తుంది. దీని మీద ఒక అభ్యంతరం వస్తుంది. ‘నా పరికరం 20 శాతం పెంచుతుంది, దానికి ఇంత సూక్ష్మమైన తూకం ఎందుకు?’ అని. అవును, 20 శాతం పెరుగుదలకు సూక్ష్మమైన తూకం అక్కర్లేదు. పెట్టి రెండు ట్యాంకులు, తీసి రెండు ట్యాంకులు చూస్తే ఎవరికైనా కళ్లకు కడుతుంది. అంత తేలిగ్గా తేలిపోయే విషయానికి సాక్షుల వీడియోలు, ‘పనిచేయడానికి రెండు వేల కిలోమీటర్లు పడుతుంది’ అనే షరతులు ఎందుకు అవసరమవుతున్నాయన్నది అమ్మేవాళ్లు చెప్పాల్సిన జవాబు.

ఈ పనిని ప్రభుత్వ ప్రయోగశాలలు దశాబ్దాలుగా చేస్తూనే ఉన్నాయి. 1970ల చమురు సంక్షోభం తర్వాత అమెరికా చట్టమే అలాంటి పరికరాలను పరిశీలించే బాధ్యతను అక్కడి పర్యావరణ పరిరక్షణ సంస్థకు అప్పగించింది. ప్రయోగశాలలో కారు కదలదు. రోలర్ల మీద చక్రాలు తిరుగుతాయి, డ్రైవరు తెరమీద కనిపించే వేగాల పట్టికను క్షణం క్షణం అనుసరిస్తాడు. వాడిన ఇంధనాన్ని పొగ గొట్టం దగ్గర లెక్కపెడతారు. పెట్రోల్లోని కర్బనమంతా ఏదో రూపంలో బయటికి రాక తప్పదు. లీటరు పెట్రోలు కాలితే సుమారు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది కాబట్టి, పొగను కొలిస్తే పెట్రోలును కొలిచినట్టే. గన్ కట్ అయ్యే తికమక అక్కడ లేదు. ఆ సంస్థ నూరుకు పైగా పరికరాలను పరిశీలించింది. మైలేజీని చెప్పుకోదగ్గంతగా పెంచేది ఒక్కటీ దొరకలేదని అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ వినియోగదారులకు చెబుతూ వచ్చింది.

పరీక్ష గొప్పదనం మోసాలను పట్టుకోవడంతో ఆగిపోలేదు, పెద్దమనుషుల నమ్మకాలనూ వదల్లేదు. మూసుకుపోయిన ఎయిర్ ఫిల్టర్ మారిస్తే మైలేజీ 10 శాతం దాకా పెరుగుతుందని అమెరికా ప్రభుత్వ వెబ్‌సైటే సలహా ఇచ్చేది. మన మెకానిక్కులూ ఆ మాటే చెబుతారు. 2009లో ఓక్ రిడ్జ్ జాతీయ ప్రయోగశాల దాన్ని రోలర్ల మీద పెట్టి చూసింది. ఆధునిక కార్లలో ఫిల్టర్ మూసుకుపోతే పికప్ తగ్గింది తప్ప మైలేజీలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. కారణం తర్వాత ఆలోచిస్తే తేలికే. పెట్రోలు ఇంజన్‌లోకి వెళ్లే గాలిని త్రాటిల్ అనే తలుపు మామూలు నడకలో కొంత మూసే ఉంచుతుంది. ఫిల్టర్ కొంత అడ్డుకుంటే డ్రైవరు కాలు ఆ తలుపును కాస్త ఎక్కువ తెరుస్తుంది, లోపలికి వెళ్లే గాలి అంతే అవుతుంది. కంప్యూటర్ ఆ గాలిని కొలిచి దానికి సరిపడా పెట్రోలే చిమ్ముతుంది. పాత కార్బురేటర్ రోజుల నాటి నిజం కొత్త ఇంజన్లకు వర్తించలేదు. ఫిల్టర్ మార్చడం ఇంజన్ ఆయుష్షుకు మంచిదే. మైలేజీ కోసం మారుస్తున్నామనుకోవడమే పొరపాటు. సర్కారు సలహా అయినా సరే, కొలిచిన అంకె ముందు తల వంచి సవరించుకోవలసి వచ్చింది.

చాలా పరికరాలు ఎందుకు ఓడిపోతాయో చెప్పడానికి పెద్ద శాస్త్రం అక్కర్లేదు. ‘పెట్రోలు పూర్తిగా కాలేలా చేస్తుంది’ అన్నది వాటి తొలి పల్లవి. నేటి ఇంజన్‌లో పెట్రోలు ఇప్పటికే నూటికి 97, 98 పాళ్లు కాలిపోతోంది. మిగిలిన ఆ రెండు పాళ్లనూ కాల్చినా వచ్చే లాభం 2, 3 శాతమే. 20 శాతం ఎక్కడి నుంచి వస్తుంది? అసలు నష్టం కాలకపోవడంలో లేదు. కాలిన పెట్రోలు శక్తిలో మూడింట రెండొంతులు రేడియేటర్‌లో, పొగలో వేడిగా పోతోంది. పైపు మీది అయస్కాంతం ఆ వేడిని ఆపలేదు. పెట్రోలు అయస్కాంతానికి లొంగే పదార్థమూ కాదు. నీటి నుంచి హైడ్రోజన్ తీసే కిట్టుది ఇంకో విచిత్రం. ఆ నీటిని విడగొట్టే కరెంటు ఆల్టర్నేటర్ నుంచి రావాలి, ఆల్టర్నేటర్ తిరగడానికి ఇంజన్, ఇంజన్‌కు పెట్రోలు. ప్రతి మలుపులో కొంత పోగొట్టుకుంటూ వచ్చిన హైడ్రోజన్‌ను మళ్లీ అదే ఇంజన్‌లో కాలిస్తే మిగిలేది మొదట పెట్టినదానికంటే తక్కువే.

అలాగని ఏ మార్పూ పనిచెయ్యదనడం ఈ వాదన ఉద్దేశం కాదు. పనిచేసేవి ఉన్నాయి, వాటి అంకెలు వినయంగా ఉంటాయి. నాలుగు టైర్లలో సగటున ఒక్కో పీఎస్ఐ గాలి తగ్గితే మైలేజీ 0.2 శాతం తగ్గుతుంది. ఐదు పీఎస్ఐ తగ్గితే ఒక శాతం. టైరు దొర్లేటప్పుడు కలిగే నిరోధాన్ని 10 శాతం తగ్గిస్తే ఇంధనం 1, 2 శాతం ఆదా అవుతుందని అమెరికా జాతీయ పరిశోధనా మండలి 2006లో తేల్చింది. 45 కిలోల అదనపు బరువు ఒక శాతం తింటుంది. కారు పైకప్పు మీద పెద్ద సామాను డబ్బా బిగించుకుని ఎక్స్‌ప్రెస్ వే మీద వేగంగా పోతే 10 నుంచి 25 శాతం దాకా పోతుంది. అదే డబ్బా సిటీ ట్రాఫిక్‌లో 2 నుంచి 8 శాతమే తింటుంది, ఎందుకంటే గాలి నిరోధం వేగం వర్గానికి తగ్గట్టు పెరుగుతుంది. 80 నుంచి 100కు వేగం పెంచితే అది ఒకటిన్నర రెట్లు దాటుతుంది. కాబట్టి ‘పనిచేస్తుందా?’ అన్న ప్రశ్నకు ‘ఎక్కడ, ఎంత వేగంలో?’ అన్నది తోక. హైదరాబాద్ ఔటర్ రింగు రోడ్డు మీద మేలు చేసే మార్పు అమీర్‌పేట సిగ్నళ్ల మధ్య కనిపించకపోవచ్చు. కొలమానం మారినా ఇలాంటి భ్రమే పుడుతుంది. సీఎన్‌జీ కిట్టు పెట్టించాక ‘పద్దెనిమిది ఇచ్చేది ఇరవై ఆరు ఇస్తోంది’ అంటారు. మొదటిది లీటరుకు, రెండోది కిలోకు. కిలో సీఎన్‌జీలో లీటరు పెట్రోలుకు దాదాపు ఒకటిన్నర రెట్ల శక్తి ఉంటుంది. డబ్బు ఆదా అయితే అవుతుంది, అది ధరల చలవ. ఇంజన్ పొదుపరి అయిందని దానర్థం కాదు.

ఇక్కడ మూడు ఎదురు మాటలు వినిపిస్తాయి. మొదటిది, ‘పెద్ద సంస్థల్లోనే చూపించారట’ అన్నది. చూపించడం వేరు, పరీక్షకు నిలబడటం వేరు. 1996లో తమిళనాడుకు చెందిన రామర్ పిళ్లై నీళ్లలో మూలికలు మరిగించి పెట్రోలు చేస్తున్నానంటే శాస్త్రవేత్తల సమక్షంలో ప్రదర్శనలు జరిగాయి, పత్రికలు పతాక శీర్షికలు పెట్టాయి. కట్టుదిట్టమైన నిఘాలో చేయించినప్పుడు ఆ వింత నిలబడలేదు. చివరికి 2016లో చెన్నై కోర్టు ఆయనకు మూడేళ్ల జైలు శిక్ష వేసింది. ఎదుట కూర్చున్నవాళ్ల చదువు కంటే, గిన్నె, గరిటె ఎవరి చేతిలో ఉన్నాయన్నదే ముఖ్యమని ఆ ఉదంతం నేర్పింది. రెండోది, ‘కంపెనీలు తొక్కిపెడుతున్నాయి’ అనే మాట. చమురు కంపెనీల మీద ఆ అనుమానం పడొచ్చేమో గానీ, కారు కంపెనీల అవసరం దానికి పూర్తిగా వ్యతిరేకం. మన దేశంలో కార్ల పరిశ్రమ సగటు కార్బన్ డయాక్సైడ్ పరిమితి 2017-18 నుంచి కిలోమీటరుకు 130 గ్రాములు, 2022-23 నుంచి 113 గ్రాములు. ఆ కొద్ది గ్రాములు తగ్గించడానికి కంపెనీలు కోట్లు పోసి ఇంజన్లు మారుస్తున్నాయి. వెయ్యి రూపాయల అయస్కాంతం ఆ పని చేసేదే అయితే ఫ్యాక్టరీలోనే బిగించి పంపేవి. మూడోది, ‘పెట్టి చూస్తే పోయేదేముంది?’ అన్నది. పోయేవి ఉన్నాయి. సెన్సర్లను ఏమార్చే డబ్బాలు పొగలో విషం పెంచవచ్చు, వారంటీ చెల్లకుండా పోవచ్చు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన మూల రూపానికి విరుద్ధంగా ఇష్టమొచ్చిన మార్పులు చేయించడం కుదరదు.

రెండో వైపు నుంచి వచ్చే అభ్యంతరం మరింత గట్టిది. ‘పుణెలోని ఏఆర్ఏఐ సంస్థ పరీక్షించి ఇచ్చిన మైలేజీ ఏ బండికీ రోడ్డు మీద రాదు, మరి ప్రయోగశాలను ఎలా నమ్మాలి?’ అని. నిజమే, ఆ పరీక్షలో ఏసీ వెయ్యరు, వేగం 90 దాటదు, గుంతలుండవు. అయితే ఆ అంకె పని మన రోడ్డును వర్ణించడం కాదు, రెండు బండ్లను ఒకే కొలతలో పక్కపక్కన నిలబెట్టడం. పరికరం పెట్టిన బండి, పెట్టని బండి అనే పోలికకు కావలసింది సరిగ్గా అదే. అయినా తృప్తి లేకపోతే, తన దారిలోనే మూడు దశల పరీక్ష చేసుకునే హక్కు ప్రతివాడికీ ఉంది. దానికి ముందు ఒక చిన్న లెక్క. ఏడాదికి 10,000 కిలోమీటర్లు, లీటరుకు 15 చొప్పున నడిచే కారు సుమారు 670 లీటర్లు తాగుతుంది. లీటరు 100 రూపాయలనుకుంటే 2 శాతం మేలు ఏడాదికి 1,300 రూపాయల పైచిలుకు. నాలుగు వేల పరికరం నిజంగా పనిచేసినా, ఖర్చు తిరిగి రావడానికి మూడేళ్లు. పనిచేస్తుందన్న నమ్మకం లేనప్పుడు ఆ మూడేళ్లు ఎందుకు ఎదురుచూడాలో ఆలోచించుకోవాలి. అదే రోజంతా బండి నడిపే టాక్సీ యజమానికి ఆ 2 శాతమే పెద్ద మొత్తం. అందుకే జాగ్రత్తగా కొలుచుకోవాల్సిన అవసరం అందరికంటే అతనికే ఎక్కువ.

కాబట్టి దుకాణంలో వేసే ప్రశ్న మార్చుకోవాలి. ‘ఎంత పెరుగుతుంది?’ అని అడిగితే నోటికొచ్చిన అంకె వినిపిస్తుంది. ‘విప్పేశాక ఎంతకు పడింది? ఎన్నిసార్లు విప్పి చూశారు? నడిపినవాడికి ఆ సంగతి తెలుసా?’ అని అడగాలి. ఈ మూడింటికీ రాతపూర్వకంగా లెక్క చూపించగలిగినవాడు ఎదురైతే అతని మాట శ్రద్ధగా వినాల్సిందే. అతని దగ్గరున్నది 2 శాతమే అయినా సరే, ఆ 2 శాతం నిజం. అలాంటివాడు ఎదురయ్యేదాకా పైన ఖాళీగా ఊగుతున్న క్యారియర్ విప్పించి, బంకులో గాలి మిషన్ దగ్గర ఐదు నిమిషాలు ఆగడం మేలు.